వెల, విలువ: అద్దము లేని రెండు కెమేరాల తారతమ్యము

వెల హెచ్చయిన వస్తువు గుణమునందు కూడ హెచ్చుగా నుండునని లోకమున ఒక నమ్మకము కలదు. బియ్యము విషయమునను, బట్టల విషయమునను ఇది కొంతవరకు నిజమే కావచ్చును. శాస్త్ర పరికరముల విషయమున మాత్రము ఈ నమ్మకమును పరీక్షింపక అంగీకరింపరాదు. వెలలో ఏ భాగము ఏ పనికై చెల్లింపబడుచున్నదో తెలిసిననాడే ఆ వెల తగినదో కాదో నిర్ణయింప వీలగును.

ఒక ఉన్నత పాఠశాలలోని సైన్సు సంఘమువారు కెమేరా కొనదలచినారనుకొనుడు. వార్షికోత్సవములు, ప్రయోగశాలలోని ప్రదర్శనములు, తోటలోని పూలు, పురుగులు, విహారయాత్రలో కనబడు పక్షులు, వీనిని చిత్రించుట వారి ఉద్దేశము. అంగడిలో ఒకే కంపెనీవారి కెమేరాలు రెండు కనబడినవి. ఒకదాని వెల రెండవదాని వెలకు రెండింతలకు పైగా ఉన్నది. సంఘమువద్ద నున్న సొమ్ము పెద్ద కెమేరాకు ఎట్లో చాలును. కాని దానిని కొన్నచో మరియొక కటకము కొనుటకు పైస మిగలదు. చిన్నదానిని కొన్నచో పిల్లలు చందాలు వేసి కూడబెట్టిన సొమ్ముతో తక్కువ సరకు కొన్నారని ఎవరైన అనవచ్చును. ఉపాధ్యాయుడు ఏమి సలహా చెప్పవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము ప్రకటనలలో దొరకదు. ప్రకటనలు అంకెలను చెప్పునుగాని అంకెల అర్థమును చెప్పవు. పాఠ్యపుస్తకములోని కాంతి ప్రకరణము చదివిన విద్యార్థి ఆ అర్థమును తానే రాబట్టుకొనగలడు. ఇందులకు జపాను దేశపు నికాన్ సంస్థవారి రెండు కెమేరాలు మంచి ఉదాహరణములు. 2018 ఆగస్టులో ప్రకటింపబడిన జెడ్ 6 అనునది అభ్యాసము ముదిరినవారి కొరకు ఉద్దేశింపబడినది. 2019 అక్టోబరులో ప్రకటింపబడిన జెడ్ 50 అనునది మొదటిసారి కెమేరా చేపట్టువారి కొరకు ఉద్దేశింపబడినది. 2024లో ఈ రెండు పేర్లతోను తరువాతి తరము నమూనాలు వెలువడినవి. అయినను పాత జంటనే గ్రహించుటకు కారణము లేకపోలేదు. ఇవి రెండును ఇంచుమించుగా ఒకే కాలమున, ఎక్స్‌పీడ్ 6 అను ఒకే చిత్రసంస్కరణ యంత్రముతో, ఒకే కటక బంధముతో పుట్టినవి. ప్రయోగమునందు ఒక్క రాశిని మార్చి తక్కినవానిని స్థిరముగా ఉంచవలెనను నియమమునకు ఈ జంట చాలవరకు సరిపోవును.

అద్దము ఎందుకు తొలగినది?

పూర్వపు రిఫ్లెక్సు కెమేరాలలో కటకమునకు వెనుక 45 డిగ్రీల కోణమున ఒక అద్దము అమర్చబడి యుండెడిది. కటకము గుండా వచ్చిన కాంతి ఆ అద్దముపై పరావర్తనము చెంది, పైనున్న పట్టకము ద్వారా కంటికి చేరెడిది. మీట నొక్కగానే అద్దము పైకి లేచి కాంతిని ఫిల్ముపై పడనిచ్చెడిది. కటకము చూపు దృశ్యమునే కన్ను చూడగలుగుట దీని గొప్పతనము. కాని అద్దము లేచుటకు చోటు కావలెను. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమేరాలో కటక బంధమునకు, ఫిల్మునకు నడుమ 46.5 మి.మీ. దూరము ఉంచవలసి వచ్చినది.

ఫిల్ము స్థానమున సిలికాన్ ఫలకము వచ్చిన పిమ్మట ఈ అద్దము అనవసరమైనది. సెన్సరు అని పిలువబడు ఆ ఫలకము తనపై పడిన దృశ్యమును ఎప్పటికప్పుడు విద్యుత్ సంకేతములుగా మార్చి, ఒక చిన్న తెరకు పంపగలదు. ఆ తెరను కన్ను చూచును. కటకములు మార్చుటకు వీలుగల ఇట్టి అద్దములేని కెమేరాలకు 2008లో ప్యానసోనిక్ సంస్థవారి లూమిక్స్ జి1 నాంది పలికినది. నికాన్ జెడ్ వర్గములో కటక బంధమునకు, ఫలకమునకు నడుమ దూరము 16 మి.మీ. మాత్రమే, బంధము లోపలి వ్యాసము 55 మి.మీ. దూరము తగ్గి, ద్వారము పెరుగుటచేత కటక నిర్మాతలకు స్వేచ్ఛ హెచ్చినది. ఈ మేలు చిన్న కెమేరాకును, పెద్ద కెమేరాకును సమానముగా దక్కినది. వెలలోని భేదమునకు కారణము మరెక్కడనో ఉన్నదన్నమాట.

ఫలకము యొక్క వైశాల్యము

ముఖ్యమైన భేదము ఫలకమునందే ఉన్నది. జెడ్ 6 ఫలకము 35.9 మి.మీ. పొడవు, 23.9 మి.మీ. వెడల్పు కలది. జెడ్ 50 ఫలకము 23.5 మి.మీ. పొడవు, 15.7 మి.మీ. వెడల్పు కలది. గుణించి చూచినచో మొదటిదాని వైశాల్యము 858 చదరపు మి.మీ., రెండవదాని వైశాల్యము 369 చదరపు మి.మీ. అనగా నిష్పత్తి 2.33. వెలువడిననాటి అమెరికా ధరలను చూడుడు: కటకము లేకుండ జెడ్ 6 వెల సుమారు 2000 డాలర్లు, జెడ్ 50 వెల సుమారు 860 డాలర్లు. ఈ నిష్పత్తియు 2.33 అగుట యాదృచ్ఛికమే అయినను, జ్ఞాపకముంచుకొనుటకు సులభముగా నున్నది.

వైశాల్యము పెరిగిన ప్రయోజనమేమి? వాన కురియుచుండగా రెండు పళ్లెములను ఆరుబయట ఉంచినచో వెడల్పైన పళ్లెములో ఎక్కువ నీరు పడును. కాంతి కూడ ఫోటానులను కణముల వాన వంటిదే. ఫోటాను ఫలకముపై పడినప్పుడు సిలికానులో ఒక ఎలక్ట్రాను విడివడును. ఆ ఎలక్ట్రానులను లెక్కించుటయే చిత్రమును గ్రహించుట. కాని ఫోటానులు గడియారపు ముల్లువలె క్రమముగా రావు. ఎడనెడ తఱచుగాను, ఎడనెడ పలుచగాను వచ్చును. ఈ హెచ్చుతగ్గులు సగటు సంఖ్య యొక్క వర్గమూలమునకు సమానముగా ఉండును. చిన్న ఫలకములోని ఒక భాగముపై 10,000 ఫోటానులు పడినచో హెచ్చుతగ్గు 100, అనగా నూటికి 1. పెద్ద ఫలకములో దానికి సరియగు భాగముపై 23,300 ఫోటానులు పడును. హెచ్చుతగ్గు సుమారు 153, అనగా నూటికి 0.65. చీకటి చిత్రములలో కనబడు ఇసుక చల్లినట్టి గరుకుదనము ముఖ్యముగా ఈ హెచ్చుతగ్గుల ఫలితమే.

కావున పెద్ద ఫలకమునకు మేలు కలదనుట నిజము. అయితే ఆ మేలు 2.33 రెట్లు కాదు. దాని వర్గమూలమైన 1.5 రెట్లు మాత్రమే. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫోటానులకు కరవు లేదు గనుక అక్కడ ఈ తేడాను కన్ను పట్టజాలదు. దీపపు వెలుతురున జరుగు నాటక ప్రదర్శనములో అదే తేడా స్పష్టముగా కనబడును.

పిక్సెళ్ల సంఖ్య విషయమున ప్రకటనలు చేయు సందడి అంత అవసరము లేదు. జెడ్ 6 చిత్రములో పొడవున 6048 పిక్సెళ్లును, జెడ్ 50 చిత్రములో 5568 పిక్సెళ్లును కలవు. రెండింటిని 30 సెంటీమీటర్ల పొడవున అచ్చు వేసినచో సెంటీమీటరునకు మొదటిదానిలో 202, రెండవదానిలో 186 పిక్సెళ్లు వచ్చును. 30 సెంటీమీటర్ల దూరమునుండి చూచునప్పుడు ఆరోగ్యవంతమైన కన్ను సెంటీమీటరునకు సుమారు 115 చుక్కలను మించి విడదీసి చూడలేదు. గోడకు వ్రేలాడదీయు పాఠశాల పటములో ఈ రెండు చిత్రములకును భేదము కనబడదు.

కాంతిని తెచ్చునది కటకము

పళ్లెముతో పోల్చిన పోలిక ఇచ్చట కొంత సవరింపవలసి యున్నది. ఫలకముపై పడు వాన ఆకాశమునుండి నేరుగా పడుట లేదు. కటకమను గరాటు ద్వారా పడుచున్నది. గరాటు నోరు ఎంత వెడల్పో అంత కాంతియే లోనికి వచ్చును. ఈ నోటి వ్యాసమును తెలిసికొనుటకు సులభమైన లెక్క కలదు. కటకము యొక్క నాభ్యంతరమును ఎఫ్ సంఖ్యచే భాగించిన చాలును.

జెడ్ 50తో పాటు అమ్మిన కటకము 16 నుండి 50 మి.మీ. వరకు నాభ్యంతరము మారునది. దాని బరువు 135 గ్రాములు మాత్రమే. దాని 50 మి.మీ. కొసయందు ఎఫ్ సంఖ్య 6.3. కావున నోటి వ్యాసము 50ని 6.3చే భాగింపగా సుమారు 8 మి.మీ. జెడ్ 6తో పాటు అమ్మిన కటకము 24 నుండి 70 మి.మీ. వరకు మారునది, బరువు 500 గ్రాములు. 70 మి.మీ. కొసయందు ఎఫ్ సంఖ్య 4. నోటి వ్యాసము 17.5 మి.మీ. చిన్న ఫలకముపై 50 మి.మీ. కటకము చూపు దృశ్యము పెద్ద ఫలకముపై 75 మి.మీ. కటకము చూపుదానితో సమానము గనుక, రెండు కటకములును ఇంచుమించుగా ఒకే దృశ్యమును చూపుచున్నవి. అయినను ఒకే వస్తువునుండి లోనికి వచ్చు కాంతిని పోల్చినచో పెద్ద జతకు దాదాపు 5 రెట్లు ఎక్కువ లభించును. దుకాణములో రెండింటిని ప్రక్కప్రక్కన పరీక్షించి, చిన్న కెమేరా చీకటిలో బొత్తిగా పనికిరాదని తీర్పు చెప్పువారు చాలమంది ఉన్నారు. వారు పోల్చినది కెమేరాలను కాదు, కటకములను.

ఇప్పుడు లెక్కను తిరగవేయుడు. 2023లో నికాన్ సంస్థవారు చిన్న ఫలకముల కొరకు 24 మి.మీ. నాభ్యంతరము, ఎఫ్/1.7 ద్వారము గల ఒక స్థిర కటకమును వెలువరించినారు. దాని బరువును 135 గ్రాములే. నోటి వ్యాసము 14 మి.మీ. ఈ కటకము చూపు దృశ్యము పెద్ద ఫలకముపై 36 మి.మీ. కటకము చూపుదానితో సమానము. జెడ్ 6తో పాటు వచ్చిన కటకమును 36 మి.మీ. వద్ద నిలిపినచో నోటి వ్యాసము 9 మి.మీ. మాత్రమే. వ్యాసముల వర్గములను పోల్చగా చిన్న కెమేరాకే సుమారు 2.4 రెట్లు ఎక్కువ కాంతి లభించుచున్నది. అదే రంగస్థలము, అదే దీపము. కాని ఈసారి గెలుపు తక్కువ వెల కెమేరాదే. పిట్ట కొంచెము కూత ఘనము అను సామెత ఇచ్చట అక్షరాల నిజమైనది.

పెద్ద కెమేరాకు కూడ ఎఫ్/1.8 కటకమును కొన్నచో అది తిరిగి ముందునకు పోవును. అందులో సందేహము లేదు. కాని దానికి మరల సొమ్ము కావలెను. సంఘమువారి అసలు చిక్కు అదియే గదా!

చేతి వణకు, పిల్లల కదలిక

జెడ్ 6లో ఉన్నదియు జెడ్ 50లో లేనిదియు నగు గొప్ప సౌకర్యము ఫలకమును స్థిరపరచు యంత్రాంగము. కెమేరాలోని గ్రాహకములు చేతి వణకును కనిపెట్టగానే, అయస్కాంతములు, తీగచుట్టలు కలసి ఫలకమును ఎదురుదిశలో జరుపును. ఈ సవరణ అయిదు విధముల కదలికలకు పనిచేయును. తయారుచేసినవారు చెప్పుకొను మేలు 5 స్టాపులు, అనగా 2 యొక్క 5వ ఘాతము, 32 రెట్లు. సెకనులో 50వ వంతు కాలము చేతిలో నిలుపగలవారు దీని సాయమున అరసెకనుకు పైగా నిలుపవచ్చునన్నమాట. ఇది ఉత్తమ పరిస్థితులలోని అంకె యని గుర్తుంచుకొనవలెను.

గుడి మండపములోని శిల్పమును, చీకటి గదిలోని వస్తువును చిత్రించువారికి ఇది గొప్ప వరము. కాని స్థిరపరచబడినది కెమేరాయే గాని ఎదుటి మనిషి కాదు. అరసెకను కాలములో నాట్యము చేయు బాలిక చేయి ఎంతో దూరము కదలును. చిత్రములో ఆ చేయి మసకబారును. కదలికను ఆపుటకు షట్టరు వేగమే కావలెను. వేగమునకు కాంతి కావలెను. కాంతికి మరల కటకపు నోరే శరణ్యము. అంతేకాక జెడ్ 50తో వచ్చు 16-50 కటకములోనే వణకును సవరించు ఏర్పాటు కలదు. పైన చెప్పిన 24 మి.మీ. కటకములో మాత్రము అది లేదు.

తక్కిన భేదములు

జెడ్ 6 దర్శనరంధ్రములోని తెర 36.9 లక్షల చుక్కలు కలది. జెడ్ 50లోనిది 23.6 లక్షల చుక్కలు కలది. మొదటిది పెద్దదిగాను, నిర్మలముగాను కనబడును; కంటికి సుఖము. షట్టరు యొక్క గరిష్ఠ వేగము మొదటిదానిలో సెకనుకు 8000వ వంతు, రెండవదానిలో 4000వ వంతు. కాగితముపై ఇది గొప్ప భేదముగా తోచినను, పాఠశాల అవసరములలో 4000వ వంతును మించవలసిన సందర్భము అరుదు. వరుసగా చిత్రములు తీయు వేగము సెకనుకు 12, 11. ఒకసారి చార్జి చేసినచో రెండును 300 ప్రాంతమున చిత్రములు తీయును.

బరువు విషయమున చిన్నదే మేలు. బ్యాటరీతో, కార్డుతో జెడ్ 50 బరువు 450 గ్రాములు. తన కటకముతో కలిపి 585 గ్రాములు. జెడ్ 6 బరువు 675 గ్రాములు. తన కటకముతో కలిపి 1175 గ్రాములు. ఎనిమిదవ తరగతి విద్యార్థి మెడలో రోజంతయు వ్రేలాడవలసిన వస్తువునకు ఈ రెండింతల భేదము చిన్నది కాదు.

పక్షుల విషయమున చిన్న ఫలకమునకు మరియొక లాభము కలదు. దాని పిక్సెలు వెడల్పు సుమారు 4.2 మైక్రాన్లు, జెడ్ 6 పిక్సెలు వెడల్పు 5.9 మైక్రాన్లు. నేలపట్టు చెరువులోని చెట్టుపై కూర్చున్న గూడబాతును రెండు కెమేరాలతోను ఒకే 250 మి.మీ. కటకముద్వారా చిత్రించినచో, పక్షి బింబము రెండు ఫలకములపైనను ఒకే పరిమాణమున ఉండును. కాని దానిని చిన్న ఫలకము రెండింతల పిక్సెళ్లతో గీయును. వెలుతురు బాగుగానున్న పగటివేళ ఈకల వివరములు జెడ్ 50లోనే ఎక్కువగా దొరకును.

ఇరుపక్షముల దోషములు

జెడ్ 6 నిర్మాతలు ఎక్కువ వెల పుచ్చుకొని కూడ ఒక్క కార్డుకే చోటిచ్చిరి. అదియును ఎక్స్‌క్యూడీ అను అరుదైన, ఖరీదైన రకము. ఆ కార్డు చెడినచో ఆనాటి చిత్రములన్నియు పోవలసినదే. 2020లో వచ్చిన రెండవ జెడ్ 6లో రెండు కార్డులకు చోటు కల్పించుటనుబట్టి ఈ విమర్శ న్యాయమైనదేనని తేలుచున్నది. జెడ్ 50లో ఉన్న చిన్న ఫ్లాష్ దీపము జెడ్ 6లో లేదు. మనుష్యుల కన్నులను వెదకి నాభిని నిలుపు నేర్పు జెడ్ 50కి పుట్టుకతోనే వచ్చినది. జెడ్ 6కు అది 2019లో ప్రోగ్రాము సవరణద్వారా తరువాత చేర్చబడినది. 

జెడ్ 50 దోషములును తక్కువ కావు. దాని వెనుక తెర క్రిందికి తిరుగును గనుక ముక్కాలిపీటపై నిలిపినప్పుడు ముందువైపునుండి చూచుకొన వీలులేదు. ఫలకముపై పడిన ధూళిని కంపనముచే రాల్చు ఏర్పాటు జెడ్ 6లో ఉన్నది, దీనిలో లేదు. అద్దములేని కెమేరాలో కటకము తీయగానే ఫలకము గాలికి ఎదురుగా నుండును గనుక, దుమ్ము మెండైన చోట్ల ఈ లోపము బాధించును.

అన్నిటికంటె పెద్ద దోషము కెమేరాలో లేదు. దానిని అమ్మిన పద్ధతిలో ఉన్నది. చిన్న ఫలకమునకు చేటుచేయునది కాంతి కొరత. దానికి విరుగుడు వెడల్పైన నోరు గల చవుక కటకము. ఈ సంగతి నిర్మాతలకు తెలియనిది కాదు. అయినను 2019లో ఈ కెమేరాతో పాటు ప్రత్యేకముగా వచ్చినవి రెండు కటకములే. రెండును ఇరుకు నోటివే. 2021లో వచ్చిన 18-140 కటకమును అట్టిదే. 24 మి.మీ. ఎఫ్/1.7 కటకము వచ్చుటకు 2023 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ నడుమ పెద్ద ఫలకములకై చేసిన బరువైన కటకములను కొనుడనియో, పాత కటకములను మధ్య బంధముద్వారా తగిలించుకొనుడనియో చెప్పుట జరిగినది. మొదటిమెట్టు కెమేరా కొనినవానిని రెండవమెట్టునకు నెట్టుట వ్యాపారమునకు లాభము కావచ్చును. నేర్చుకొనువానికి మాత్రము అది న్యాయము కాదు.

నిర్ణయము

ఈ పరిశీలనమునుబట్టి రెండు విషయములు స్పష్టమగుచున్నవి. జెడ్ 6 గొప్పతనము కల్ల కాదు: చీకటిలో నిర్మలమైన చిత్రము, వణకు సవరణ, మంచి దర్శనరంధ్రము దాని సొత్తు. ఎడతెగక సంజవెలుతురున పనిచేయువారు, శిల్పములను, చీకటి మందిరములను చిత్రించువారు ఆ వెలను చెల్లించుట సమంజసమే. సైన్సు సంఘము వంటివారికి మాత్రము జెడ్ 50 వర్గపు కెమేరాను కొని, మిగిలిన సొమ్ముతో వెడల్పైన నోరు గల ఒక కటకమును, ఒక ముక్కాలిపీటను సంపాదించుట మేలైన మార్గము. ఒకే ఇరుకు కటకముతో నిలిచిపోవు పెద్ద కెమేరాకంటె, తగిన కటకములు గల చిన్న కెమేరా ఎక్కువ నేర్పును.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలోనే చేయించవచ్చును. ఏ కెమేరా ప్రకటనమునైనను తెచ్చి, కటకపు నాభ్యంతరమును ఎఫ్ సంఖ్యచే భాగించి నోటి వ్యాసమును కనుగొనుమని చెప్పవలెను. పిమ్మట ఒకే దృశ్యమును చూపు రెండు కటకముల వ్యాసములను వర్గముచేసి పోల్చుమనవలెను. ఆ రెండు వరుసల లెక్క రంగురంగుల ప్రకటనము చెప్పని సంగతిని చెప్పును. పరికరమును కొనుటకు ముందు దానిని కొలుచుట విద్యార్థి కలవరచుకొనినచో, సంఘమువారు కొన్నది ఏ కెమేరా అయినను ఆ సొమ్ము వ్యర్థము కాదు.